చెవిలో కోచ్, చేతిలో బంతి

1999 మే 15. ఇంగ్లండ్‌లోని హోవ్ మైదానంలో మన జట్టుకి ఆ ప్రపంచకప్‌లో తొలి మ్యాచ్, దక్షిణాఫ్రికాతో. మన కెప్టెన్ హైదరాబాద్ అజహరుద్దీన్. అవతలి కెప్టెన్ హన్సీ క్రోన్యే చెవిలో ఏదో చిన్న పరికరం పెట్టుకుని ఫీల్డింగ్ చేస్తున్నాడు. బయట కూర్చున్న కోచ్ బాబ్ వూల్మర్ అందులోంచి ఆయనతో మాట్లాడుతున్నాడని కాసేపటికే బయటపడింది. బౌలర్ అలన్ డొనాల్డ్ చెవిలోనూ అలాంటిదే ఉంది. పెట్టుకోకూడదని నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు. అయినా మ్యాచ్ రిఫరీ తీయించేశాడు, ఆ తర్వాత ఐసీసీ నిషేధించింది. కెప్టెన్ తన బుర్రతో ఆడాలి గానీ కోచ్ బుర్రతో ఆడితే ఎలా అని మనలో చాలామందిమి అప్పట్లో మూతి విరిచాం.

ఆ పనిని రాజముద్ర వేసి మరీ చేయించే ఆట ఒకటుంది. అమెరికన్ ఫుట్‌బాల్.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మనం ఫుట్‌బాల్ అనే కాలి బంతాట వేరు. ఇది కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే, విసిరే ఆట. పక్షానికి 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు దక్కుతాయి, జరగకపోతే బంతి అవతలివాళ్ళ పాలు. ప్రతి ప్రయత్నానికీ ముందే అల్లుకున్న పథకం ఒకటి ఉంటుంది. ఎవరు ఎటు పరిగెత్తాలి, ఎవరు ఎవరిని అడ్డుకోవాలి అన్నది అందులో తేలిపోయి ఉంటుంది. దాన్ని ప్లే అంటారు. ఇంచుమించు ప్రతిసారీ బంతి మొదట అందేది క్వార్టర్‌బ్యాక్‌ చేతికి. విసరదలిస్తే, అందిన క్షణం నుంచి రెండున్నర, మూడు సెకన్లలో అతను ఎదుటి జట్టు మోహరింపు చదవాలి, నలుగురైదుగురిలో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి, విసిరెయ్యాలి. ఈలోగా నూట ముప్ఫై కిలోల మనుషులు అతని మీద పడటానికి దూసుకొస్తుంటారు.

ప్లేకీ ప్లేకీ నడుమ ఒక గడియారం 40 సెకన్ల నుంచి వెనక్కి నడుస్తుంది. అమెరికా జాతీయ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న స్పీకరు ఉంటుంది. ఆ హెల్మెట్‌కి గుర్తుగా వెనక ఒక ఆకుపచ్చ చుక్క. గీత బయట నిలబడ్డ కోచ్ రాబోయే ప్లే ఏమిటో అందులో చెబుతాడు. గడియారం 15కి రాగానే ఆ గొంతు ఠక్కున తెగిపోతుంది. అంటే మహా అయితే 25 సెకన్ల మాట. మిగిలిన పదిహేనూ కుర్రాడివే.

ఇదేమీ మొదటినుంచీ ఉన్న ఏర్పాటు కాదు. 1950ల్లో బాల్టిమోర్ జట్టు జానీ యునైటస్ వంటివాళ్ళు ఏ ప్లే ఆడాలో మైదానంలో తామే నిర్ణయించుకునేవారు. క్లీవ్‌లాండ్ కోచ్ పాల్ బ్రౌన్‌కి అది నచ్చలేదు. ఆయన ప్లేకో ఆటగాణ్ణి లోపలికి పంపి కబురు చెప్పించేవాడు. 1956లో జార్జ్ రాటర్‌మన్ అనే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో రేడియో కూడా పెట్టించాడు. లీగ్ ఆ ఏడాదే దాన్ని నిషేధించింది. మళ్ళీ అనుమతించింది 1994లో. ఆ రెంటి మధ్య కాలంలోనే ప్లే ఎంచుకునే అధికారం మెల్లగా కుర్రాడి చేతిలోంచి కోచ్ చేతిలోకి జారిపోయింది. అధికారం పోయింది గానీ బాధ్యత మాత్రం పోలేదు. ఓడితే పేపర్లో ఫొటో క్వార్టర్‌బ్యాక్‌దే.

కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఎదిగాడా, ఎండిపోయాడా అన్నదాంట్లో అతని భుజబలం కన్నా చెవిలో పడే ఆ మాటలకే పెద్ద పాత్ర ఉందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

ముందు ఆ మాటల సంగతి. ప్లేబుక్ అంటే బొమ్మల పుస్తకం అనుకుంటాం గానీ నిజానికి అదొక భాష. ఈ ఆటలో ఆ భాషకి మూడు పెద్ద మాండలికాలున్నాయి. శాన్ డియాగో కోచ్ డాన్ కొరియెల్ పేరుతో చలామణీ అయ్యేదాంట్లో పరుగు దారులకి సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలుంటాయి. సరిసంఖ్య అయితే మైదానం లోపలికి, బేసి అయితే బయటి గీత వైపుకి మలుపు. మూడంకెల సంఖ్య ఒకటి చెబితే ముగ్గురికి దారులు తెలిసిపోతాయి. బిల్ వాల్ష్ పెంచిన వెస్ట్ కోస్ట్ పద్ధతిలో అంకెల బదులు పేర్లు. ఒక్కో ప్లే రైల్వే స్టేషన్ల జాబితాలా సాగిపోతుంది, ఒక్క పేరు మర్చిపోతే ఒకడు తప్పుదారి పడతాడు. మూడోది రాన్ ఎర్‌హార్ట్, రే పెర్కిన్స్ అనే ఇద్దరు కోచ్‌లది. అందులో దారుల కలయిక మొత్తానికీ కలిపి ఒకే మాట. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదాన్ని బట్టి తన వంతేమిటో ఎవరికి వారు తెలుసుకోవాలి. న్యూ ఇంగ్లండ్‌లో టామ్ బ్రేడీ ఇరవై సీజన్లు ఆడింది ఈ మాండలికంలోనే.

అష్టావధానం చూసినవాళ్ళకి ఈ కుర్రాడి అవస్థ చప్పున అర్థమవుతుంది. అవధాని సమస్యా, దత్తపదీ తలలో మోస్తూనే నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు ఏ అక్షరాన్ని అడ్డుకుంటాడో కనిపెట్టాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఏదో ఒకటి అడిగి ధార తెంపుతుంటాడు. క్వార్టర్‌బ్యాక్‌కి నిషిద్ధాక్షరి ఎదుటి జట్టు: ఒక మోహరింపు చూపించి బంతి కదలగానే ఇంకోదానికి మారిపోతుంది. అప్రస్తుత ప్రసంగం డెబ్భై వేల గొంతుల హోరు. అవధాని ఇంత భారం మోయగలగడానికి కారణం, ఛందస్సు గురించి ఆయన విడిగా ఆలోచించడు. గణాలు నాలుక మీద వాటంతటవే పడతాయి. ఆలోచనంతా పద్యం మీదే.

మనస్తత్వ శాస్త్రం ఈ సంగతిని చదరంగంలో పట్టుకుంది. 1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు చదరంగం బల్లను కొద్ది సెకన్లు చూపించి, చూసింది మళ్ళీ పేర్చమన్నారు. నిజమైన ఆటలోంచి తీసిన స్థితి అయితే ఉద్దండులు చాలావరకు పేర్చేశారు, కొత్తవాళ్ళు నాలుగైదు పావుల దగ్గరే ఆగిపోయారు. పావుల్ని ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే ఉద్దండుల ఆధిక్యం దాదాపు ఎగిరిపోయింది. వాళ్ళది గొప్ప జ్ఞాపకశక్తి కాదన్నమాట. పావుల్ని ఒక్కొక్కటిగా కాకుండా గుంపులు గుంపులుగా చూడటం వాళ్ళకి అలవాటైంది. గుణింతాలు నేర్చుకుంటున్న పిల్లవాడు ‘కృష్ణ’ అన్న మాటను కూడబలుక్కుంటాడు, మనం మాట మొత్తాన్ని ఒక్క చూపులో మింగేస్తాం. అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్‌కి ఎదుట ఉన్న 11 మంది మూడో నాలుగో ఆకారాలుగా కనిపిస్తారు. కొత్తవాడికి పదకొండుగురూ పదకొండుగురే.

దీనికి తోడు ఇంకో లెక్క ఉంది. 1952లో డబ్ల్యూ.ఇ. హిక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీపాలు, మీటలు పెట్టి చేసిన ప్రయోగాల్లో, ఎంచుకోవలసినవి పెరిగేకొద్దీ స్పందించడానికి పట్టే సమయం పెరుగుతుందని తేల్చాడు. ఎంపికల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఆలస్యం ఇంచుమించు ఒకే మోతాదులో పెరుగుతుంది. మామూలు జీవితంలో ఆ మోతాదు ఎవరి లెక్కలోకీ రాదు. మూడు సెకన్లలోపు బంతి వదలాల్సినవాడికి మాత్రం అందులో పావువంతు పోయినా ఎముకలు విరిగే వ్యవహారమే.

కాబట్టి కోచ్ ప్లే చెప్పాడంటే, కుర్రాడి తలలో ఎన్ని తలుపులు తెరిచి ఉంచాలో కూడా నిర్ణయించాడన్నమాట. మైదానంలో సగమే చూడమనవచ్చు. ఎదుటి జట్టులో ఒకే ఒక్కణ్ణి చూపించి, వాడు ముందుకొస్తే విసురు, వెనక్కి తగ్గితే బంతి పరిగెత్తేవాడి చేతికివ్వు అనవచ్చు. బంతి కదలక ముందే తమవాణ్ణి ఒకణ్ణి అడ్డంగా నడిపించి, వాడి వెంట ఎదుటివాడు ఎవడైనా వస్తున్నాడేమో చూడమనవచ్చు. వస్తే మనిషికి మనిషి కాపలా, రాకపోతే ప్రాంతాల వారీ కాపలా అని చాలాసార్లు తేలిపోతుంది. లేదా ఏ ఆసరా ఇవ్వకుండా ఐదు దారులూ చూసి నువ్వే తేల్చుకో అనీ అనవచ్చు. పాతికేళ్ళు నిండని కుర్రాడికి మొదటి వారంలోనే ఈ చివరిది ఇచ్చి, వీడికి ధైర్యం చాలదని పెదవి విరిచే కోచ్‌లు తక్కువేమీ కాదు.

ఇప్పుడు అలెక్స్ స్మిత్ కథ. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే.

2005 ఏప్రిల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు మొట్టమొదటి ఎంపికగా యూటా విశ్వవిద్యాలయం నుంచి స్మిత్‌ని తీసుకుంది. అప్పటికి అతనికి ఇరవై ఒకటో పుట్టినరోజు కూడా రాలేదు. ఆర్థికశాస్త్రంలో డిగ్రీని రెండేళ్ళలో ముగించిన బుర్ర. అదే రోజున, శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనే ఉన్న బర్క్‌లీలో చదివిన ఆరన్ రోజర్స్ పేరు ఎవరూ పిలవక, గంటల తరబడి కూర్చుని కూర్చుని చివరికి 24వ ఎంపికగా గ్రీన్ బే జట్టుకి వెళ్ళాడు. రోజర్స్‌కి అక్కడ ఆట దొరకలేదు, బ్రెట్ ఫావ్ర్ అనే మహామహుడి వెనక మూడేళ్ళు బెంచీ మీదే. స్మిత్ మాత్రం మొదటి ఏడాదే బరిలోకి దిగాడు. ఆ సీజన్లో అతను విసిరిన బంతుల్లో అవతలి చివరి గీత దాటి టచ్‌డౌన్ అయింది ఒక్కటి. ప్రత్యర్థుల చేతుల్లో పడ్డవి పదకొండు.

ప్లేలు చెప్పే కోచ్‌ని ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ అంటారు. 2005లో స్మిత్‌కి ఆ పదవిలో ఉన్నది మైక్ మెకార్తీ. ఏడాది తిరక్కుండానే ఆయన హెడ్ కోచ్ అయి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆ ఊరు గ్రీన్ బే! అక్కడ ఆయన చేతికి అందిన కుర్రాడు రోజర్స్. ఒకే గురువు ఒక శిష్యుడికి ఒక్క ఏడాది, ఇంకొకడికి 2006 నుంచి 2018 దాకా. రోజర్స్ కాలేజీలో బంతిని చెవి దగ్గర, బాగా ఎత్తున పట్టుకునేవాడు. మెకార్తీ దాన్ని కిందికి దింపించాడు, అడుగులు సరిచేయించాడు. మ్యాచ్ ఆడాల్సిన పనిలేని కుర్రాడికి ఆ మార్పు ఒంటబట్టడానికి రెండేళ్ళ తీరిక దొరికింది. 2008లో బరిలోకి దిగి, 2011 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నాలుగుసార్లు నిలిచాడు.

స్మిత్ దగ్గరికి వద్దాం. 2006లో నార్వ్ టర్నర్ వచ్చాడు. కుర్రాడు తేరుకున్నాడు, టచ్‌డౌన్లు పదహారుకి చేరాయి. టర్నర్‌కి శాన్ డియాగో నుంచి పిలుపొచ్చింది, వెళ్ళిపోయాడు. 2007లో జిమ్ హాస్ట్లర్, 2008లో మైక్ మార్ట్జ్, 2009లో జిమ్మీ రే, 2010లో మూడు ఓటములకే ఆయన్ని తీసేసి మైక్ జాన్సన్, 2011లో గ్రెగ్ రోమన్. ఏడు సీజన్లలో ఏడుగురు. మెకార్తీది వెస్ట్ కోస్ట్ మాండలికం, టర్నర్, మార్ట్జ్‌లది కొరియెల్ అంకెల బాణీ. పేర్లతో పాటు వ్యాకరణమూ మారుతూ వచ్చింది. నిరుడు ఒక అర్థమున్న మాటకి ఈ ఏడు ఇంకో అర్థం. ఏ అవధానికీ ఏటా కొత్త ఛందస్సు నేర్చుకొమ్మని ఎవరూ పురమాయించరు.

న్యాయంగా చెప్పాలంటే మాటల మార్పు ఒక్కటే అతన్ని వెనక్కి లాగలేదు. 2007లో భుజం కీలు దెబ్బతింది, 2008 మొత్తం ఆడలేదు, జట్టు కూడా బలహీనం. కానీ 2011లో ఏం జరిగిందో చూడండి. లీగ్ యాజమాన్యాలకీ ఆటగాళ్ళకీ తగువు వచ్చి వేసవి అంతా తాళాలు పడ్డాయి. కోచ్‌లు ఆటగాళ్ళతో మాట్లాడకూడదు. దొరికిన కాస్త సందులో కొత్త హెడ్ కోచ్ జిమ్ హార్బా, తానూ ఒకప్పటి క్వార్టర్‌బ్యాకే, స్మిత్ చేతిలో ప్లేబుక్ పెట్టాడు. అప్పటికి స్మిత్‌కి జట్టుతో ఒప్పందం కూడా లేదు. అయినా తోటివాళ్ళని శాన్ హోసే స్టేట్ విశ్వవిద్యాలయం మైదానానికి పిలిచి, ఆ కొత్త భాషని తనే వాళ్ళకి నేర్పాడు. ఏడో కోఆర్డినేటర్ భాష అది. మొదటిసారి, నేర్చుకునేవాడి చోట నుంచి లేచి నేర్పేవాడి చోట నిలబడ్డాడు. ఆ సీజన్లో పదహారు మ్యాచ్‌లలో ప్రత్యర్థుల చేతికి అతనిచ్చిన బంతులు ఐదే ఐదు. జట్టు 13 గెలిచి 3 ఓడింది.

ఒక ఎదురు ఉదాహరణ కూడా ఉంది. బెంచీ మీద కూర్చోబెట్టి ముదరనివ్వాలి, తొందరపడి ఆడించకూడదు అనే వాదం రోజర్స్‌ని చూపించి చేస్తుంటారు. పేటన్ మ్యానింగ్‌ని ఇండియానాపొలిస్ 1998లో మొదటి రోజు నుంచే ఆడించింది. 28 బంతులు ప్రత్యర్థులకి అప్పగించాడు, తొలి ఏడాది కుర్రాళ్ళలో అది రికార్డు. జట్టు 3 గెలిచి 13 ఓడింది. మరుసటి ఏడాది 13 గెలిచి 3 ఓడింది! మధ్యలో ఎవరూ ప్లేబుక్ మార్చలేదు. టామ్ మూర్ అనే కోఆర్డినేటర్ పదేళ్ళకు పైగా అతని చెవిలో ఉన్నాడు. అందుకే కూర్చోబెట్టాలా ఆడించాలా అన్న చర్చ నాకు పక్కదారి పట్టినట్టు కనిపిస్తుంది. రెండు దారుల్లోనూ గెలిచినవాళ్ళున్నారు, మునిగినవాళ్ళున్నారు. ఎవరు ఎన్నాళ్ళు నేర్పారు అని అడగాలి.

చిక్కేమిటంటే ఆ లీగ్ కట్టుబాటే దీనికి అడ్డం. నిరుడు అధ్వాన్నంగా ఆడిన జట్టుకే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. అంటే అందరికన్నా నైపుణ్యమున్న కుర్రాడు, అడ్డుకునేవాళ్ళు సరిగా లేని, కోచ్ కుర్చీ ఊగిపోతున్న ఇంటికి అల్లుడై వెళతాడు. 2002లో హ్యూస్టన్ కొత్త జట్టు మొదటి ఎంపికగా వచ్చిన డేవిడ్ కార్‌ని ఆ ఏడాది 76 సార్లు బంతితో సహా నేలకూల్చారు. ఆ రికార్డుని ఇంకా ఎవరూ చెరపలేదు. ఓడితే కోచ్‌ని తీసేస్తారు. పోనీ గెలిస్తే ఉంటాడా? కోఆర్డినేటర్‌ని ఇంకో జట్టు హెడ్ కోచ్‌గా ఎగరేసుకుపోతుంది. బఫలోలో జాష్ ఆలెన్ తొలి ఏడాది వందకి సుమారు 53 బంతులే తనవాళ్ళకి అందించగలిగాడు. విసరడంలో గురి తప్పేవాడు జన్మకి బాగుపడడని పండితులు తేల్చేశారు. మూడో ఏడాదికి అది 69 దాటింది. బంతి అందుకునే మంచి ఆటగాడు వచ్చాడు, విసిరే తీరు సరిచేసుకున్నాడు, ఆ మూడేళ్ళూ ప్లేలు చెప్పింది బ్రయన్ డాబోల్ ఒక్కడే. 2022లో డాబోల్ న్యూయార్క్ జెయింట్స్‌కి హెడ్ కోచ్ అయి వెళ్ళిపోయాడు. అప్పటికి ఆలెన్ నిలదొక్కుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ప్లే చెప్పడమే పాఠం చెప్పడం అని మొదట గట్టిగా చూపించినవాడు బిల్ వాల్ష్. 1969లో సిన్సినాటీ జట్టుకి గ్రెగ్ కుక్ అనే అద్భుతమైన చెయ్యి దొరికి, అదే ఏడాది భుజం చెడింది. బదులుగా వచ్చిన వర్జిల్ కార్టర్‌కి దూరం విసిరే బలం లేదు, బుర్ర మాత్రం చురుకు. అప్పటి అసిస్టెంట్ కోచ్ వాల్ష్ కుర్రాణ్ణి మార్చే ప్రయత్నం మానేసి ఆటనే మార్చాడు. పొట్టి పాస్‌లు, అడ్డంగా పరిచిన దారులు, అడుగుల లెక్కతో ముడిపడిన చూపు: మూడడుగులు వేసేసరికి మొదటివాణ్ణి చూడు, లేకపోతే రెండోవాడు. కార్టర్ 1971లో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ శాతం బంతులు తనవాళ్ళకి అందించాడు. వెస్ట్ కోస్ట్ పద్ధతి పుట్టుక అదే. ఈ కార్టర్ అదే 1971లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు రాబర్ట్ మాకల్‌తో కలిసి ‘ఆపరేషన్స్ రీసెర్చ్’ పత్రికలో ఒక పరిశోధన పత్రం అచ్చువేశాడు. మైదానంలో ఏ గజం దగ్గర బంతి ఉంటే సగటున ఎన్ని పాయింట్ల విలువ అన్న లెక్క అది. ఇవాళ కంప్యూటర్లు పెట్టి జట్లు చేసే విశ్లేషణకి ముత్తాత లాంటి పత్రం. మన క్రికెటర్లెవరైనా ఆడుతూనే గణాంక పత్రికలో అచ్చయ్యారా అని ఆలోచించాను, నాకైతే ఎవరూ తట్టలేదు.

తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో వాల్ష్ మ్యాచ్‌లోని మొదటి పాతిక ప్లేలని ముందే రాసిపెట్టుకునేవాడు. హోరులో తీసుకునే నిర్ణయం కన్నా వారం మధ్యలో చల్లగా కూర్చుని తీసుకునేది మేలని ఆయన వాదం. మూడో రౌండ్‌లో 82వ ఎంపికగా వచ్చిన జో మోంటానాకి దానివల్ల ఒరిగిన లాభం ఇంకొకటి. రేపు ఏం అడుగుతారో ముందు రాత్రే తెలిసిన విద్యార్థి అతను.

అయితే ఆసరా ఎప్పుడు తీసెయ్యాలన్నది తెలియకపోతే ఇదే వికటిస్తుంది. 2016లో మొదటి ఎంపికగా లాస్ ఏంజెలెస్‌కి వచ్చిన జారెడ్ గాఫ్ ఆ ఏడాది ఏడు మ్యాచ్‌లాడి ఏడూ ఓడాడు. మరుసటి జనవరిలో ఇంకా ముప్ఫై ఒకటి నిండని షాన్ మెక్‌వే హెడ్ కోచ్‌గా వచ్చాడు. జట్టుని గబగబా వరస కట్టించేవాడు. గడియారం 15కి రాకముందే ఎదుటివాళ్ళూ తమ మోహరింపు చూపించక తప్పేది కాదు, అది చూసి మెక్‌వే గాఫ్ చెవిలో ఇంకా మాట్లాడగలిగేవాడు. 28 టచ్‌డౌన్లు, ప్రత్యర్థుల చేతుల్లో పడ్డవి 7. అదే కుర్రాడు, అదే చెయ్యి. 2019 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ దాకా వెళ్ళారు. అక్కడ న్యూ ఇంగ్లండ్ కోచ్ బిల్ బెలిచిక్ జట్టు వాళ్ళని మూడంటే మూడు పాయింట్లకి కట్టేసింది. రెండేళ్ళకి గాఫ్‌ని డెట్రాయిట్‌కి సాగనంపారు, గురువు చెప్పిందే తప్ప సొంతంగా చదవలేడన్న ముద్రతో. డెట్రాయిట్‌లో బెన్ జాన్సన్ అనే కోఆర్డినేటర్ గాఫ్‌కి నచ్చినవి, గాఫ్‌కి బాగా వచ్చినవి అడిగి మరీ ప్లేబుక్ కట్టాడు. 2024 జనవరిలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో 24–23తో ఓడిపోయి ఇంటికెళ్ళిన జట్టు మెక్‌వేది. గెలిపించినవాడు గాఫ్.

సాధన విషయంలో శాస్త్రం చెప్పేది మనకి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే మన దగ్గర కోచింగ్ అన్న మాటకి అర్థం ఒకే తరహా లెక్కలు వరసబెట్టి వంద చేయించడం. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు చెక్క అడ్డుపలకల్ని ఒక క్రమంలో చేత్తో పడగొట్టే మూడు పనులు నేర్పించారు. కొందరు ఒక పని పూర్తిగా ముగించి ఇంకోదానికి వెళ్ళారు, కొందరు మూడింటినీ కలగాపులగంగా చేశారు. నేర్చుకునేటప్పుడు మొదటివాళ్ళే చురుగ్గా కనిపించారు. తర్వాత పరీక్షిస్తే కలగాపులగం వాళ్ళే మెరుగు. ఒకే పాస్‌ని ఇరవైసార్లు విసిరించే కోచ్‌కి ఆ పూట కుర్రాడు బంగారంలా కనిపిస్తాడు, ఆదివారం మ్యాచ్‌లో ఆ బంగారం కరిగిపోతుంది.

1992లో రిచ్ మాస్టర్స్ గోల్ఫ్‌తో చేసిన ప్రయోగం ఇంకో సంగతి చెప్పింది. కొందరికి బంతి ఎలా కొట్టాలో నియమాలన్నీ విడమరిచి నేర్పారు. కొందరిని పిచ్చి అక్షరాలు బయటికి పలికిస్తూ, నియమాలేవీ తలకెక్కకుండా నేర్చుకోనిచ్చారు. ఒత్తిడి పెట్టి చూస్తే తడబడింది నియమాలు తెలిసినవాళ్ళే. శరీరానికి అలవాటైన పనిని మెదడు మళ్ళీ ముక్కలు విడదీసి చూడటం మొదలుపెడుతుంది, పని చెడుతుంది. ఆదివారం ఉదయం మోచెయ్యి పైకెత్తమని కుర్రాడికి గుర్తుచేసే కోచ్ మేలు చేస్తున్నాననే అనుకుంటాడు. రోజర్స్ విసిరే తీరు మార్చుకున్నది మ్యాచ్‌లు లేని రోజుల్లో అన్నది ఇక్కడ మళ్ళీ గుర్తుకు తెచ్చుకోవాలి.

దెబ్బల ప్రభావం కూడా కంటికి కనిపించేదే. పదేపదే నేలకూలినవాడి చూపు దూరంగా పరిగెత్తే తనవాళ్ళ మీద నుంచి, మీదికొచ్చేవాళ్ళ మీదికి దిగజారుతుంది. 2019 అక్టోబరులో న్యూయార్క్ జెట్స్ కుర్రాడు శామ్ డార్నాల్డ్, బెంచీ దగ్గర కూర్చుని తనకి దయ్యాలు కనిపిస్తున్నాయని అన్న మాట మైకులో పడి దేశమంతా వినిపించింది. లేని మనుషులు వస్తున్నట్టు తోచడం అన్నమాట. ఆ రోజు 33–0తో ఓడారు. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. జట్లు మారి మారి 2024లో మిన్నెసోటా చేరితే, ఒకప్పుడు తానూ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన కోచ్ కెవిన్ ఓకానెల్ కింద 35 టచ్‌డౌన్లు విసిరాడు, జట్టు 14 గెలిచింది. కుర్ర క్వార్టర్‌బ్యాక్‌లు జట్లని ముంచడం కన్నా ముందు జట్లే వాళ్ళని ముంచుతాయని ఓకానెల్ బహిరంగంగానే అన్నాడు. కోచ్ నోట అలాంటి మాట రావడం అరుదు.

కాలేజీ నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది గుంపుగా నిలబడి ప్లే చెప్పుకునే అలవాటే లేకుండా వస్తారు. అక్కడ గీత బయట నుంచి చేతిసైగలు, బొమ్మల అట్టలు. హెల్మెట్ రేడియో కాలేజీ పై స్థాయి ఆటలోకి వచ్చిందే 2024లో. డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కోల్లో మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. శుక్రవారం రాత్రి హైస్కూల్ మ్యాచ్‌కి వెళితే సైడ్‌లైన్‌లో ఆ అట్టలు పైకెత్తి పట్టుకున్న పిల్లల్ని వాళ్ళూ చూసే ఉంటారు.

ఆ డాలస్‌కి తూర్పున, టైలర్ పక్కన వైట్‌హౌస్ అనే చిన్న ఊరి కుర్రాడు పాట్రిక్ మహోమ్స్. తండ్రి బేస్‌బాల్‌లో బంతులు విసిరి బతికినవాడు. కుర్రాడి చేతిలో మెరుపుంది, పద్ధతి లేదు. 2017లో పదో ఎంపికగా కాన్సస్ సిటీకి వచ్చాడు. కోచ్ ఆండీ రీడ్ అతన్ని ఏడాదంతా కూర్చోబెట్టి, ఆఖరి మ్యాచ్ ఒక్కటి ఆడించాడు. ఆ ఏడాది కుర్రాడు ఎవరి వెనక కూర్చున్నాడో తెలుసా? అలెక్స్ స్మిత్ వెనక. ఏడుగురి కింద నేర్చుకున్న ఆ స్మిత్, తన కుర్చీ కోసమే తెచ్చిన కుర్రాడికి ఏదీ దాచుకోలేదు. వారమంతా ప్రత్యర్థిని ఎలా చదవాలో, ఎలా సిద్ధపడాలో అతన్ని చూసే నేర్చుకున్నానని మహోమ్స్ పలుమార్లు చెప్పాడు. ఆ సీజన్ స్మిత్ జీవితంలోకెల్లా మంచి సీజన్ కూడా. మరుసటి ఏడాది అతన్ని వాషింగ్టన్‌కి పంపేశారు. మహోమ్స్ 50 టచ్‌డౌన్లు విసిరాడు.

2020 ఫిబ్రవరి 2న సూపర్ బౌల్. ఇంకా ఏడు నిమిషాల 13 సెకన్ల ఆట ఉంది. కాన్సస్ సిటీ 10–20తో వెనకబడి ఉంది. మూడో ప్రయత్నంలో 15 గజాలు కావాలి. మహోమ్స్ అప్పటికే రెండు బంతులు పోగొట్టాడు. గీత దగ్గరికొచ్చి, ‘వాస్ప్’ ఆడటానికి సమయం దొరుకుతుందా అని అడిగింది కుర్రాడే. అవతల రీడ్, కోఆర్డినేటర్ ఎరిక్ బియెనెమీ సరేనన్నారు. ప్లే పూర్తి పేరు ‘టూ త్రీ జెట్ చిప్ వాస్ప్’. బంతి 44 గజాలు ముందుకెళ్ళింది, ఆట 31–20తో ముగిసింది. అప్పటికి మహోమ్స్‌కి ఆ మాండలికంలో మూడో సీజన్. కోచ్ మాట తెగిపోయే పదిహేను సెకన్ల కోసం అన్నాళ్ళూ తయారైనవాడు, ఇప్పుడు మాట తనే అందించాడు.

ఈ లీగ్ మ్యాచ్‌లు చాలావరకు మనకి రాత్రి పొద్దుపోయాక వస్తాయి. ఎప్పుడైనా మెలకువగా ఉంటే ఒక్కసారి చూడండి. బంతిని వదిలేసి, తెర మీది చిన్న గడియారాన్ని, ఆకుపచ్చ చుక్క హెల్మెట్‌ని చూడండి. అంకె 15కి వచ్చాక కుర్రాడు బయటికి, కోచ్ వైపు చూస్తున్నాడో, ఎదుటివాళ్ళ వైపు చూస్తున్నాడో గమనించండి.